బిరుదు ఎవరి సొత్తు? – డెంప్సీ, విల్స్‌ల మధ్య జరగని పోరాటం

1

ఒక దేశంలో ఒక ముష్టియుద్ధ వీరుడు ప్రపంచ విజేతగా వుంటాడు. అదే దేశంలో మరొకడు, తనకు ఎదురైన ప్రతివారినీ ఓడిస్తూ, 'ఇక నీతోనే నా పోటీ' అని ఏళ్ల తరబడి అడుగుతూ వుంటాడు. విజేత ఆ పిలుపును అందుకుని తీరవలసిందేనా? లేక, ఎవరితో పోరాడాలో ఎవరితో పోరాడకూడదో నిర్ణయించుకునే స్వేచ్ఛ అతనికి వుందా?

ఇది దినపత్రికల క్రీడాపుటకు చెందిన ప్రశ్నే గాని విమర్శ వ్యాసాల పత్రికకు చెందినది కాదని కొందరు మిత్రులకు తోచవచ్చు. కాని కొంచెం ఆలోచిస్తే, ఈ ప్రశ్న వెనుక మరో పెద్ద ప్రశ్న దాగివుందని తెలుస్తుంది. బిరుదు అనేది ఎవరి సొత్తు? అది గెలిచినవాడి సొంత ఆస్తా? లేక అతడు కొంతకాలం మోసి మరొకరికి అప్పగించవలసిన ఉమ్మడి బాధ్యతా?

మన సాహిత్య చరిత్రకు ఈ ప్రశ్న కొత్త కాదు. విజయనగరంలో ప్రౌఢదేవరాయల సభలో గౌడ డిండిమభట్టును ఓడించి, అతని కంచుఢక్కను శ్రీనాథుడు పగలగొట్టించాడన్న కథ మన విద్యార్థులందరికీ తెలుసు. ఆ కథలో మనం సాధారణంగా శ్రీనాథుడి ప్రతిభనే చూస్తాం. కాని గమనించవలసిన విషయం మరొకటి వుంది. డిండిమభట్టు వాదానికి దిగాడు. ఢక్క మోగించుకుంటూ తిరిగే హక్కు, ఎదుటివాడు పిలిచినప్పుడు దాన్ని పణంగా పెట్టే బాధ్యతతోపాటే వచ్చిందని ఆ కాలం నమ్మింది. మొన్నమొన్నటి తిరుపతి వేంకటకవులు మీసాలు పెంచి, తమను ఓడించిన వారి ముందు వాటిని తీసివేస్తామని సవాలు చేసినప్పుడు కూడా అదే ధర్మాన్ని ఒప్పుకున్నారు. సవాలును స్వీకరించనివాడికి బిరుదు లేదన్నదే ఆ ధర్మం.

భూస్వామ్య యుగపు రాజసభలోనే ఇంతటి నియమం వుండగా, స్వేచ్ఛకూ సమానావకాశానికీ పుట్టినిల్లు తానేనని చాటుకున్న అమెరికాలో, 20వ శతాబ్దపు నడిబజారులో, ఏడు సంవత్సరాలపాటు ఈ నియమం ఎలా మంటగలిసిందో చూడడం చరిత్ర విద్యార్థికి అవసరం. ఆ ఏడేళ్ల విజేత జాక్ డెంప్సీ. అడిగినవాడు హారీ విల్స్.

2

అమెరికన్ ముష్టియుద్ధంలో 'వర్ణరేఖ' అనే మాట డెంప్సీతో పుట్టలేదు. 1880లలో హెవీ వెయిట్ విజేతగా వెలిగిన జాన్ ఎల్. సల్లివన్ ఎవరు వచ్చినా సరే పోరాడతానని సవాళ్లు విసిరేవాడు. అయితే ఆ 'ఎవరు'లో నల్లవారు లేరని కూడా చెప్పేవాడు. ఆ రోజులలో పీటర్ జాక్సన్ అనే నల్లజాతి వీరుడు ఆస్ట్రేలియా విజేతగా పేరుపొంది అమెరికా వచ్చాడు. 1891లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జేమ్స్ కార్బెట్‌తో 61 రౌండ్లు పోరాడాడు. జయాపజయాలు తేలకుండానే పోటీని ఆపివేశారు. మరుసటి సంవత్సరం అదే కార్బెట్ సల్లివన్‌ను ఓడించి ప్రపంచ విజేత అయ్యాడు. జాక్సన్‌కు మాత్రం ఆ బిరుదు కోసం పోరాడే అవకాశం ఎన్నడూ రాలేదు.

ఈ రేఖను మొదటిసారి దాటినవాడు జాక్ జాన్సన్. అతడు కూడా స్వదేశంలో దాటలేకపోయాడు. 1908 డిసెంబరు 26న, ఆస్ట్రేలియాలోని సిడ్నీలో, టామీ బర్న్స్‌ను ఓడించి బిరుదు గెలిచాడు. నల్లవాడు ప్రపంచ విజేత కావడం తెల్ల అమెరికాకు మింగుడు పడలేదు. ఎన్నో ఏళ్ల క్రితం విరమించుకుని పొలం చూసుకుంటున్న జిమ్ జెఫ్రీస్‌ను, జాతి గౌరవం నిలబెట్టడానికని, తిరిగి బరిలోకి లాక్కొచ్చారు. 1910 జూలై 4న రీనో పట్టణంలో జాన్సన్ అతడిని ఓడించాడు. ఆ రాత్రి అమెరికాలోని అనేక నగరాలలో తెల్ల మూకలు నల్లవారిపై విరుచుకుపడ్డాయి. ప్రాణాలు పోగొట్టుకున్నవారిలో అత్యధికులు నల్లవారే. ముష్టిఘాతాలు తిన్నది జెఫ్రీస్ ఒక్కడే అయినా, జరిమానా చెల్లించింది ఒక జాతి జాతంతా. తరువాత 1912లో అమెరికన్ కాంగ్రెసు ముష్టియుద్ధాల ఫిలింలను ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి తీసుకుపోరాదని చట్టమే చేసింది. నల్లవాడి చేతిలో తెల్లవాడు కూలిపోయే దృశ్యం బొమ్మలో కూడా కనబడకూడదు కాబోలు!

ఆ రీనో పోటీని నిర్వహించి, తానే రిఫరీగా నిలబడినవాడు టెక్స్ రికార్డ్ అనే వ్యాపారి. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఇక్కడ ఒక చేదు నిజాన్ని దాటవేయడం మన పద్ధతి కాదు. బిరుదు చేతికి వచ్చాక జాన్సన్ కూడా తనతోటి నల్లజాతి ప్రత్యర్థులకు తలుపు మూసివేశాడు. శామ్ లాంగ్‌ఫర్డ్, జో జెనెట్, శామ్ మెక్‌వే – ఈ ముగ్గురూ ఆ కాలపు అత్యుత్తములలో లెక్కింపదగినవారు. 1909 ఏప్రిల్‌లో పారిస్‌లో జెనెట్, మెక్‌వేలు 49 రౌండ్లు పోరాడారు. ఇరవైకి పైగా సార్లు నేలకూలిన జెనెట్టే చివరికి గెలిచాడు. బిరుదుకు ముందు వీరందరితోనూ తలపడిన జాన్సన్, బిరుదు వచ్చాక వీరిలో ఒక్కరికీ అవకాశం ఇవ్వలేదు. 1913 డిసెంబరులో పారిస్‌లో అతడు బిరుదు పణంగా పోరాడిన ఏకైక నల్ల ప్రత్యర్థి, వారికన్నా తక్కువ పేరున్న జిమ్ జాన్సన్.

దీనికి జాన్సన్ స్వభావమే కారణమని చేతులు దులుపుకోవచ్చు. కాని అది సగం నిజమే. తెల్ల ప్రేక్షకుడు టిక్కెట్టు కొనేది నల్ల విజేత ఓడిపోతాడన్న ఆశతో. ఇద్దరు నల్లవారు పోరాడితే ఆ ఆశకు తావు లేదు. అందువల్ల డబ్బూ లేదు. లాంగ్‌ఫర్డ్‌తో పోరాడితే ప్రమాదం ఎక్కువ, ఆదాయం తక్కువ. తెల్ల 'ఆశాజ్యోతి'తో పోరాడితే ప్రమాదం తక్కువ, ఆదాయం ఎక్కువ. వర్ణరేఖ మనుషుల మనసులలోనే కాదు, టిక్కెట్టు వెలలో కూడా వుంటుంది. ఆ లెక్కను నల్ల విజేత చేత కూడా అది వేయించగలదు.

1915 ఏప్రిల్ 5న హవానాలో జాన్సన్, జెస్ విల్లార్డ్ చేతిలో ఓడిపోయాడు. ఆ తరువాత 22 సంవత్సరాలపాటు ఏ నల్లవాడికీ హెవీ వెయిట్ బిరుదు దక్కలేదు. బిరుదు కోసం పోరాడే అవకాశం సైతం దక్కలేదు. హారీ విల్స్ జీవితమంతా ఈ 22 ఏళ్ల గోడ నీడలో గడిచింది.

3

డెంప్సీ, విల్స్ ఇద్దరూ శ్రామిక జీవితం నుంచి వచ్చినవారే. కొలరాడో రాష్ట్రంలోని మనాసా అనే చిన్న ఊరిలో 1895లో పుట్టిన డెంప్సీ, గనులలో పనిచేశాడు. గూడ్సు బళ్ల కింద వేలాడుతూ ఊరూరా పని కోసం తిరిగాడు. తాగుడు అంగళ్లలో పందేలు కాసి పోరాడాడు. విల్స్ న్యూ ఓర్లియన్స్ రేవులో ఓడల సరుకు మోసిన హమాలీ. ఇద్దరి చేతులకూ కాయలు కాచినవే. పెట్టుబడిదారీ సమాజం ఒకే తరగతికి చెందిన ఇద్దరు కష్టజీవులను రంగు పేరిట విడదీయగల నేర్పు ఎంతటిదో చూపడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

1919 జూలై 4న టొలెడోలో డెంప్సీ, విల్లార్డ్‌ను మొదటి రౌండులోనే ఏడు సార్లు పడగొట్టి బిరుదు గెలిచాడు. రెండు రోజులు తిరగకముందే, నల్లవారి సవాళ్లను తాను పట్టించుకోబోనన్న అతని ప్రకటన పత్రికలకెక్కింది. విజేతగా అతని మొదటి మాటల్లో ఇదొకటి.

అలాగని అతడు నల్లవారితో పోరాడి ఎరుగనివాడు కాదు. 1916లో న్యూయార్క్‌లో జాన్ లెస్టర్ జాన్సన్ అనే నల్లజాతి వీరుడు అతని పక్కటెముకలు విరగగొట్టాడు. విజేత అయిన తరువాత కూడా బిల్ టేట్, జార్జ్ గాడ్‌ఫ్రీ వంటి నల్లవారు అతని శిక్షణ శిబిరంలో కూలికి పనిచేశారు. రోజూ అతడిని కొట్టారు, అతని చేత దెబ్బలు తిన్నారు. తలుపులు మూసిన శిబిరంలో కూలి తీసుకుని కొట్టవచ్చు; అందరూ చూస్తుండగా బిరుదు కోసం మాత్రం కొట్టరాదు. ఇంట్లో వంట చేయవచ్చు గాని పంక్తిలో కూర్చోరాదన్న మన అగ్రవర్ణ న్యాయానికి ఇది స్వయానా తమ్ముడు.

ఈ కాలంలో విల్స్ ఏం చేస్తున్నాడు? తెల్లవారు రానివ్వకపోవడంతో నల్లవారు తమలో తామే పదేపదే పోరాడవలసి వచ్చేది. శామ్ లాంగ్‌ఫర్డ్ ఒక్కడితోనే విల్స్ పదిహేను సార్లకు పైగా తలపడ్డాడు. 'నల్లవారి ప్రపంచ విజేత' అన్న వేరు పంక్తి బిరుదును మళ్లీ మళ్లీ గెలిచాడు. 1920లో, డెంప్సీకి తగిన ప్రత్యర్థి అనుకున్న తెల్లవాడు ఫ్రెడ్ ఫుల్టన్‌ను మూడవ రౌండులోనే పడగొట్టాడు. ఇక అతడు ఓడించవలసినవాడు ఎవరు మిగిలారు? విజేత ఒక్కడే.

డెంప్సీ పోటీలు మాత్రం వ్యాపారంగా మహా జోరుగా సాగాయి. యుద్ధకాలంలో సైన్యంలో చేరకుండా తప్పించుకున్నాడని అతనిపై కేసు నడిచింది. 1920లో నిర్దోషిగా బయటపడ్డాడు. అయినా జనంలో ఆ కోపం చల్లారలేదు. టెక్స్ రికార్డ్ ఆ కోపాన్నే పెట్టుబడిగా మార్చాడు. ఫ్రెంచి యుద్ధవీరుడు జార్జ్ కార్పెంటియర్‌ను ఎదురు నిలిపి, 1921 జూలై 2న జెర్సీ సిటీలో 17 లక్షల డాలర్లకు పైగా వసూలు చేశాడు. ముష్టియుద్ధంలో పది లక్షల డాలర్లు దాటిన మొదటి పోటీ అదే. 1923 జూలైలో మోంటానా రాష్ట్రంలోని షెల్బీ అనే చిన్న పట్టణం, డెంప్సీ–గిబ్బన్స్ పోటీతో పేరు సంపాదించబోయి, బ్యాంకులు మూతపడేదాకా దివాలా తీసింది. అదే సెప్టెంబరులో అర్జెంటీనా వీరుడు ఫిర్పోతో న్యూయార్క్‌లో పోటీ. కాబట్టి జనం రారన్న భయం రికార్డ్‌కు లేదు. దేన్నయినా అమ్మగలనన్న ధీమా వున్నవాడు అతడు. అతడు అమ్మనిది ఒక్క విల్స్‌నే.

4

ఇక అసలు కథ. దీనిలోని విశేషమేమంటే, 1919 నాటి ఆ మొదటి ప్రకటన తరువాత, 'విల్స్‌తో పోటీ లేదు' అని విజేత పక్షంవారు మళ్లీ సూటిగా అనలేదు. అందరూ సరేనన్నారు. సంతకాలు కూడా చేశారు.

1920లో న్యూయార్క్ రాష్ట్రం ముష్టియుద్ధాన్ని చట్టబద్ధం చేసి, దానిపై ఒక కమిషన్‌ను నియమించింది. విల్స్ మేనేజరు పాడీ మల్లిన్స్ 1922లో ఆ కమిషన్ వద్ద ధరావతు కట్టి లాంఛనంగా సవాలు దాఖలు చేశాడు. ఆ జూలైలో డెంప్సీ, విల్స్ ఒకే ఒప్పందంపై సంతకాలు చేశారు. పత్రికలు బొమ్మలు వేశాయి. అయితే ఆ కాగితంలో పోటీ ఎప్పుడో లేదు, ఎక్కడో లేదు, ఎవరు నిర్వహిస్తారో లేదు. పెళ్లికి ఒప్పుకుని ముహూర్తం పెట్టని పెద్దమనిషి తంతు ఇది. 1923 ఆరంభంలో కమిషన్ అధ్యక్షుడు విలియం మల్డూన్, ముష్టియుద్ధంలో డబ్బు వ్యామోహం మితిమీరిపోయిందంటూ, ఈ పోటీని తన రాష్ట్రంలో జరగనివ్వనన్నాడు. ఆ సంవత్సరం సెప్టెంబరులోనే, అదే న్యూయార్క్‌లో, డెంప్సీ–ఫిర్పో పోటీ పది లక్షల డాలర్లకు పైగా వసూలుతో నిరాటంకంగా జరిగింది.

1924లో రికార్డ్ ఏకంగా తేదీ ప్రకటించాడు: సెప్టెంబరు 6, జెర్సీ సిటీ. టిక్కెట్లు అచ్చయ్యాయి. పోటీ జరగలేదు. డెంప్సీ ఆ సంవత్సరం హాలీవుడ్‌లో సినిమాలలో నటించాడు. సెప్టెంబరు 11న అదే జెర్సీ సిటీ మైదానంలో విల్స్, డెంప్సీకి బదులు ఫిర్పోతో తలపడి పైచేయి సాధించాడు.

1925లో న్యూయార్క్ కమిషన్, విల్స్ సవాలును అంగీకరించనందుకు డెంప్సీని తమ రాష్ట్రంలో పోరాడడానికి అనర్హుడిగా ప్రకటించింది. ఈ పట్టుదలకు ముందు నిలిచినవాడు జేమ్స్ ఫార్లీ. తరువాతి కాలంలో రూజ్వెల్ట్ మంత్రివర్గంలో తపాలామంత్రి అయినవాడు. ఫార్లీ పట్టుదల వెనుక హార్లెం ఓటర్ల లెక్క వుండివుండవచ్చు. వున్నా తప్పేమీ లేదు. నల్లజాతి పత్రికలు ఏళ్ల తరబడి చేసిన ఆందోళన ఒక అధికారి చేత న్యాయమైన మాట అనిపించిందంటే అది ప్రజల ఒత్తిడికి విజయమే. ఆ సెప్టెంబరులో మిషిగన్ రాష్ట్రంలోని నైల్స్ పట్టణంలో మరో ఒప్పందం. నిర్వాహకుడు ఫ్లాయిడ్ ఫిట్జ్‌సిమన్స్. విల్స్‌కు 50 వేల డాలర్లు ముట్టాయి. డెంప్సీకి ఇస్తామన్న సొమ్ము చెక్కు బ్యాంకులో చెల్లలేదు. అంతటితో ఆ పోటీ కూడా అటకెక్కింది.

1926 మార్చిలో చికాగోలోని ఒక క్లబ్బు డెంప్సీతో ఇదే పోటీకి మళ్లీ ఒప్పందం రాయించుకుంది. 8 లక్షల డాలర్లు ఇస్తామన్నారు. సంతకం నాడు చేతికిచ్చింది 10 డాలర్లు. వేసవిలో ఆ క్లబ్బువారు ఏర్పాట్ల గురించి అడిగితే, తాను టన్నీతో పోటీకి తయారవుతున్నాననీ, వారితో తనకు ఒప్పందమే లేదనీ డెంప్సీ తంతి కొట్టాడు. క్లబ్బు కోర్టుకెక్కింది. పోటీ జరిగివుంటే ఎంత లాభం వచ్చేదో ఊహాగానమే గనుక దాన్ని నష్టపరిహారంగా ఇప్పించలేమని 1932లో ఇల్లినాయ్ అప్పీలు కోర్టు తేల్చింది. ఒప్పందాల చట్టం చదువుకునే విద్యార్థులు ఈ తీర్పును ఈనాటికీ చదువుతారు. క్లబ్బువారి ఖర్చు ఎంత, దానిలో ఎంత తిరిగి రావాలి అన్నదంతా కోర్టు లెక్కకట్టింది. విల్స్ పోగొట్టుకున్నదాన్ని లెక్కకట్టే పద్దు మాత్రం ఆ చట్టంలో లేదు.

ఆ ఆగస్టులో న్యూయార్క్ అధికారులు డెంప్సీకి లైసెన్సు నిరాకరించారు. అయితేనేం? రికార్డ్ మూటాముల్లె సర్దుకుని ఫిలడెల్ఫియా వెళ్లాడు. 1926 సెప్టెంబరు 23న, లక్షా 20 వేల మందికి పైగా ప్రేక్షకుల ముందు, వానలో, డెంప్సీ బిరుదును జీన్ టన్నీకి కోల్పోయాడు. అడిగినవాడికి ఇవ్వకుండా దాచిన బిరుదు, ఆ వరసలో ముందు లేనివాడి పరమైంది.

మూడు వారాలు తిరగకముందే, అక్టోబరు 12న, విల్స్ నిబంధనలకు విరుద్ధంగా కొట్టాడన్న కారణంగా జాక్ షార్కీతో పోటీలో ఓడినట్టు ప్రకటించబడ్డాడు. మరుసటి వేసవిలో స్పెయిన్ వీరుడు ఉజ్కుడున్ అతడిని నాలుగవ రౌండులో పడగొట్టాడు. ఏడేళ్లు వాయిదా వేసినవారికి కావలసింది ఇదే. కాలమే వారి తరపున పోరాడి గెలిచింది.

5

ఇప్పుడు విజేత తరపు వాదాలను న్యాయంగా పరిశీలించాలి.

మొదటి వాదం: పోటీ జరిగివుంటే రీనో తరువాత మాదిరిగా అల్లర్లు జరిగేవి. ఇది బాధ్యతగల మాటలా వినిపిస్తుంది. కాని రీనో తరువాత హింసకు పాల్పడింది ఎవరు? తెల్ల మూకలు. దాడిచేసినవారి కోపాన్ని కారణంగా చూపి, దాడికి గురైనవారి హక్కును రద్దు చేయడం ఏ న్యాయం? పైగా ఈ ఏళ్లన్నిటిలో విల్స్ తెల్లవారితో పోరాడుతూనే వున్నాడు, గెలుస్తూనే వున్నాడు. ఫుల్టన్‌ను కొట్టినా, ఫిర్పోపై పైచేయి సాధించినా అమెరికా తగలబడిపోలేదు. భయం అల్లర్లను గురించి కాదు, ఫలితాన్ని గురించి. 1922 సెప్టెంబరులో సెనెగల్‌కు చెందిన బాట్లింగ్ సికీ పారిస్‌లో కార్పెంటియర్‌ను కూల్చాడు. ఆ సికీకీ తమ దేశపు వీరుడు బెకెట్‌కూ లండన్‌లో ఏర్పాటైన పోటీని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. వలసలను ఏలేవారికి ఆ దృశ్యం ఎందుకు రుచించదో మనకు, ఆ ఏలుబడిలో బతికినవారికి, వివరించి చెప్పనక్కర లేదు.

రెండవ వాదం: డెంప్సీ భయపడలేదు, రికార్డ్, రాజకీయ నాయకులు అడ్డుపడ్డారు. డెంప్సీ స్వయంగా తరువాతి జీవితంలో ఈ మాటే చెప్పుకున్నాడు. అది నిజమే కావచ్చు. గూడ్సు బళ్ల కింద వేలాడినవాడికి మరొక మనిషి పిడికిలి అంటే భయమని మనం నమ్మనక్కర లేదు. కాని దీనివల్ల నేరం తగ్గకపోగా దాని అసలు స్వరూపం బయటపడుతుంది. విజేత నిర్వాహకుణ్ణి చూపుతాడు. నిర్వాహకుడు అధికారులను చూపుతాడు. ఒక రాష్ట్రపు అధికారి మరొక రాష్ట్రాన్ని చూపుతాడు. పాము చావదు, కర్ర విరగదు. ఎవరూ కాదనరు, పని మాత్రం జరగదు. ఎస్టేటులో రైతు అర్జీ కరణం నుంచి ఠాణాకు, ఠాణా నుంచి దివాణానికి తిరిగినట్టే విల్స్ సవాలు తిరిగింది. వివక్ష ఎప్పుడూ కర్ర పట్టుకునే నిలబడదు. చాలాసార్లు అది కలం పట్టుకుని, చిరునవ్వుతో ఒప్పందంపై సంతకం చేస్తుంది.

మూడవ వాదాన్ని మన మిత్రులే లేవదీయవచ్చు గనుక అది అన్నిటికన్నా ముఖ్యమైనది. ముష్టియుద్ధ వీరుడు కూడా తన శరీరాన్ని అమ్ముకుని బతికే శ్రామికుడే గదా! ఎవరితో పోరాడాలో నిర్ణయించుకునే హక్కు అతనికి లేదా? బలవంతాన పోరాడించడం వెట్టి కాదా?

పోరాడననే హక్కు అతనికి నిశ్చయంగా వుంది. ఏ మనిషినీ దెబ్బలు తినమని శాసించే అధికారం ఎవరికీ లేదు. కాని పోరాడకుండా వుండే హక్కు వేరు, పోరాడకుండానే బిరుదును దగ్గర వుంచుకునే హక్కు వేరు. మొదటిది శ్రామికుడి హక్కు. రెండవది భూస్వామి హక్కు. 1923 సెప్టెంబరు నుంచి 1926 సెప్టెంబరు వరకు, మూడు సంవత్సరాలు, డెంప్సీ ఒక్కసారి కూడా బిరుదును పణంగా పెట్టలేదు. ఆ మూడేళ్లూ బిరుదు మీద శిస్తు మాత్రం వసూలు చేసుకున్నాడు – సినిమాలలో, ప్రదర్శనలలో. తాను దున్నక, దున్నేవాణ్ణి రానివ్వక, భూమిని బీడుపెట్టి పట్టా మాత్రం పెట్టెలో దాచుకునేవాణ్ణి మనం ఏమంటాం? దున్నేవాడిదే భూమి అన్న నినాదంలో ఎంత న్యాయం వుందో, పోరాడేవాడిదే బిరుదు అన్న మాటలోనూ అంతే న్యాయం వుంది. ఇష్టం లేనివాడు విరమించుకోవచ్చు. జెఫ్రీస్ మొదటిసారి 1905లో అదే చేశాడు. బిరుదును వదిలి ఇంటికి పోయాడు.

అయితే అడిగిన ప్రతివాడికీ హక్కు వుంటుందా? లేదు. పట్టుదల ఒక్కటే అర్హత కాదు. తోటివారిని ఓడించి, బహిరంగంగా, అందరికీ తెలిసిన నియమాల ప్రకారం ముందుకు వచ్చినవాడికే ఆ హక్కు. అందుకే ఆ నియమాలను నిర్ణయించే అధికారం విజేత చేతిలోగాని, టిక్కెట్లు అమ్మేవాడి చేతిలోగాని వుండకూడదు. విల్స్ కాలంలో బిరుదుకు జవాబుదారీ వహించే సంస్థ ఏదీ లేదు. న్యూయార్క్ కమిషన్ అధికారం న్యూయార్క్ పొలిమేరతో సరి. గుంజకు కట్టని గేదె ఏ చేనిలోనైనా మేస్తుంది.

6

ఈ ప్రశ్న అమెరికాతో ముగియలేదు. అది మన నిజామాబాదు దాకా వచ్చింది.

2019 ఆగస్టులో ప్రపంచ పోటీలకు మహిళా జట్టును ఎంపిక చేసినప్పుడు, 51 కిలోల తరగతిలో ఆరుసార్లు ప్రపంచ విజేత అయిన మేరీ కోమ్‌ను పరీక్షా పోటీ లేకుండానే తీసుకున్నారు. అదే తరగతిలో అవకాశం కోసం ఎదురుచూస్తున్న నిజామాబాదు యువతి నిఖత్ జరీన్‌కు జరగవలసిన పోటీ రద్దయింది. తరువాత ఒలింపిక్ అర్హత పోటీలకు కూడా అదే పద్ధతి పాటించబోతున్నారని తెలిసినప్పుడు, నిఖత్ అక్టోబరులో కేంద్ర క్రీడామంత్రికి బహిరంగంగా ఉత్తరం రాసింది. 23 ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన ఈతగాడు ఫెల్ప్స్ కూడా ప్రతిసారీ అర్హత పోటీలో నెగ్గే వెళ్లాడని గుర్తుచేసింది. ఆమె అడిగింది స్థానం కాదు, న్యాయమైన పోటీ. డిసెంబరు 28న ఢిల్లీలో ఆ పోటీ జరిగింది. మేరీ కోమ్ 9–1 తేడాతో గెలిచింది.

ఈ రెండు కథలనూ ఒకే గాటన కట్టడం పొరపాటు. మేరీ కోమ్ డెంప్సీ కాదు. మణిపూర్ కొండలలో, సొంత భూమి లేని కుటుంబంలో పుట్టి, ముష్టియుద్ధం ఆడవాళ్ల పని కాదన్న సమాజాన్ని ఎదిరించి, ఇద్దరు పిల్లల తల్లిగా 2012 ఒలింపిక్ పతకం గెలిచిన మహిళ ఆమె. ఆమె తెరిచిన దారిలోనే నిఖత్ నడిచింది. ఇక్కడ రంగు లేదు, కోట్ల వసూళ్ల రికార్డ్ లేడు. పోల్చదలిస్తే జాన్సన్–లాంగ్‌ఫర్డ్‌ల కథతో పోల్చాలి: అణచివేతను ఎదిరించి పైకి వచ్చినవారు కూడా, ఎక్కిన మెట్టు మీద తమ వెనుక వచ్చేవారిని మరచిపోయే ప్రమాదం వుంది. గొప్ప సేవ చేసినవారిని గౌరవించాలి. కాని గౌరవం వేరు, ఎంపిక వేరు. గౌరవం గతానికి చెల్లించేది, ఎంపిక భవిష్యత్తుకు సంబంధించినది.

మరి 9–1తో ఓడిన నిఖత్ అడగడం వృథా అయిందా? ఎంతమాత్రం కాదు. ఆ పోటీతో మేరీ కోమ్ స్థానం ప్రశ్నకు అతీతమైంది; అధికారుల దయతో కాక తన చేతులతో గెలిచినదైంది. నిఖత్‌కు తాను ఎక్కడ వున్నదో తెలిసింది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో ఆమె ప్రపంచ విజేత అయింది. 2023లో ఢిల్లీలో మళ్లీ గెలిచింది. ఓడిపోయే హక్కు కూడా ఒక హక్కే. పోరాడి ఓడినవాడు నేర్చుకుంటాడు. పోరాడనివ్వక ఓడించబడినవాడికి నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. విల్స్‌కు దక్కనిదీ, నిఖత్‌కు దక్కినదీ ఈ తేడాయే.

7

1937 జూన్ 22న చికాగోలో జో లూయీ బ్రాడాక్‌ను ఓడించడంతో ఆ 22 ఏళ్ల గోడ కూలింది. లూయీ తన బిరుదును 25 సార్లు పణంగా పెట్టి నిలబెట్టుకున్నాడు. 1939లో జాన్ హెన్రీ లూయిస్ అనే నల్లజాతి ప్రత్యర్థికి కూడా, జాన్సన్ మాదిరిగా మొహం చాటెయ్యకుండా, అవకాశం ఇచ్చాడు. విజేత అంటే ఎవరో ఆ పాతిక పోటీలే చెబుతాయి.

హారీ విల్స్ హార్లెంలో ఇళ్లు కొనుక్కుని, గౌరవంగా బతికి, 1958లో చనిపోయాడు. డెంప్సీతో తలపడితే అతడు గెలిచేవాడా అని ముష్టియుద్ధ ప్రియులు ఇప్పటికీ వాదించుకుంటారు. డెంప్సీయే గెలిచివుండవచ్చు. అది మనకు ప్రధానం కాదు. ఆ ప్రశ్నకు జవాబు లేకుండా చేసినవారు విల్స్‌ను మాత్రమే దోచుకోలేదు, డెంప్సీని కూడా దోచుకున్నారు. అతని కీర్తి పక్కన ఎప్పటికీ చెరగని ఒక ప్రశ్నార్థకం మిగిలిపోయింది. వర్ణరేఖ గీసినవాడు తాను కూడా ఆ రేఖ లోపలే బందీ అవుతాడు.

ఈ మాట బరికే పరిమితం కాదు. మన విశ్వవిద్యాలయాల పీఠాలలో, అకాడమీల బహుమతులలో, సాహిత్య సంఘాల కార్యవర్గాలలో, ఆమాటకొస్తే మన సొంత పత్రికల పుటలలో కూడా, ఒకసారి దక్కిన స్థానాన్ని శాశ్వత పట్టాగా భావించేవారు వున్నారు. కొత్తగా వచ్చి తలుపు తట్టే యువకులకు 'కాదు' అని ఎవరూ చెప్పరు, 'చూద్దాం' అంటారు. హారీ విల్స్‌కు ఏడేళ్లపాటు చెప్పింది ఆ 'చూద్దాం' అనే మాటే. తలుపు తట్టినవాడి అర్హతను అందరి ఎదుట పరీక్షించండి; ఓడితే ఓడాడనండి, గెలిస్తే స్థానం ఇవ్వండి. కాని వాడిని గడప బయట నిలబెట్టి ముసలివాణ్ణి చేయకండి.